తుప్పు వదిలినా తప్పని చిక్కు

పాత కారును ఇంటి షెడ్డులోనే బతికించుకుంటున్న వారికి ఇనుము లొంగుతోంది. లొంగనిది నిబంధనే

ముందువైపు రెండు పక్కలా ఉన్న గొళ్లేలు ఊడదీసి పైకి లాగితే స్టాండర్డ్ హెరాల్డ్ కారు ముఖమంతా లేచి వచ్చేస్తుంది. హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు, గ్రిల్లు అన్నీ ఒకే ముక్కగా ముందుకు వాలిపోతాయి. ఇంజిన్, రేడియేటర్, స్టీరింగ్, ముందు చక్రాలు బట్టబయలవుతాయి. ముందు టైరు మీద తీరిగ్గా కూర్చుని కార్బ్యురేటర్ సరిచేసుకోవచ్చు. బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప మరేమీ కనబడని నేటి కార్లకు అలవాటు పడినవారికి ఇదో వింత. ఇంట్లో పాత కారు విప్పి బిగించాలని సరదా పడేవారికి మాత్రం ఇంతకు మించిన పాఠశాల లేదు.

ఈ సౌకర్యం ఎవరో ముందుచూపుతో కల్పించింది కాదు. గతిలేక వచ్చింది. 1950లలో బ్రిటన్‌లోని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి కారు బాడీలు సరఫరా చేసే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను పోటీదారైన బీఎంసీ కొనేసింది. చాసిస్, బాడీ కలిసిపోయిన ఏకఖండ నిర్మాణం మోజు అప్పటికే మొదలైంది. కానీ అంత పెద్ద బాడీని తయారు చేసిచ్చేవారు ట్రయంఫ్‌కు దొరకలేదు. దాంతో చీఫ్ ఇంజనీర్ హ్యారీ వెబ్‌స్టర్ బృందం పాత పద్ధతికే వెళ్లింది. కింద విడిగా ఇనుప చాసిస్, పైన వేర్వేరు చోట్ల తయారైన ముక్కలను బోల్టులతో బిగించిన బాడీ. ఆ ముక్కలకు రూపం ఇచ్చింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోత్తీ. 1959లో బ్రిటన్‌లో హెరాల్డ్ విడుదలైంది. మూడేళ్లకు అదే చాసిస్‌ను పొట్టిగా కోసి, రెండు సీట్లు పెట్టి, 1147 సీసీ ఇంజిన్, రెండు కార్బ్యురేటర్లు, ముందు డిస్క్ బ్రేకులు అమరిస్తే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అయింది. 1980 దాకా ఉత్పత్తి సాగిన ఆ స్పోర్ట్స్ కారు నేటికీ బ్రిటన్‌లో ఇంటి గ్యారేజీల్లో ఎక్కువగా కనిపించే పాత కార్లలో ఒకటి.

అంటే మద్రాసులో తయారైన మన హెరాల్డ్, ఆ స్పిట్‌ఫైర్ ఒక తల్లి బిడ్డలు. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961లో దీని తయారీ మొదలుపెట్టింది. బ్రిటన్‌లో ఇంజిన్ పెరుగుతూ పోయినా ఇక్కడ మాత్రం 948 సీసీ దగ్గరే ఆగిపోయింది. తర్వాత మన కుటుంబాల సైజుకు తగ్గట్టు నాలుగు తలుపులు వచ్చాయి. 1972లో గెజెల్ పేరుతో రూపం మారి, 1977లో కథ ముగిసింది. 1985లో స్టాండర్డ్ 2000తో కంపెనీ మళ్లీ తలెత్తబోయి బొక్కబోర్లా పడింది. 1988 తర్వాత ఆ కార్లూ లేవు. అంబాసిడర్‌కూ, ప్రీమియర్ పద్మినికీ దొరికినంత జనాదరణ హెరాల్డ్‌కు ఎన్నడూ దక్కలేదు. కానీ పాతిక అడుగుల స్థలంలో గిర్రున తిరిగే దీని చురుకుదనం ఆ రెండింటికీ లేదు.

ఆ చురుకుదనాన్ని ముందు పసిగట్టింది రేసు రాయుళ్లు. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే రహదారి మీద, నగరానికి కాస్త ముందు షోలవరం వస్తుంది. అక్కడున్న రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు కార్లు, మోటార్ సైకిళ్ల పందాలు జరిగాయి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకునేదాకా దక్షిణాది వేగానికి అదే చిరునామా. స్పోర్ట్స్ కార్ల దిగుమతికి తలుపులు మూసి ఉన్న ఆ రోజుల్లో ఫియట్లు, హెరాల్డ్‌లనే విప్పి, చెక్కి, బరువు తగ్గించి పరుగెత్తించేవారు. కారును ఇష్టం వచ్చినట్లు మార్చుకోవడం ఈ దేశంలో ఇన్‌స్టాగ్రామ్ తరంతో పుట్టిన దురలవాటు కాదు. లైసెన్సు రాజ్యంలో వేగం కావాలంటే అదొక్కటే దారి.

విప్పడం తేలిక, బిగించడమే...

పాత కారు బాగుచేయడం అనగానే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో మెరిసే నిజాంల పసుపు రంగు 1912 రోల్స్ రాయిస్ గుర్తుకు వస్తుంది. అది సంస్థానాల వ్యవహారం. తండ్రో, మేనమామో వాడి టార్పాలిన్ కప్పి వదిలేసిన కారును ఆదివారాలు ఖర్చుపెట్టి లేపాలనుకునే ఉద్యోగి సంగతి వేరు. అతడి దగ్గర ఉండేవి ఒక షెడ్డు, రెండు జాకీలు, ఒక పానాల పెట్టె, ఇంట్లోవారి ఓర్పు. ఈ నాలుగింటిలో ముందుగా అయిపోయేది చివరిదే.

హెరాల్డ్‌లో మొదటి శుభవార్త, బోల్టులు ఊడదీస్తే బాడీ భాగాలను నలుగురు మనుషులు చేతులతో ఎత్తి పక్కన పెట్టగలరు. క్రేను అక్కర్లేదు. దుర్వార్త ఆ తర్వాతే తెలుస్తుంది. చాసిస్ నడుమ దిమ్మెల నుంచి పక్కలకు చాచిన ఇనుప చేతులు బాడీని మోస్తాయి. నీరు, బురద చేరేదీ, లోపలి నుంచి తుప్పు తినేదీ అక్కడే. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉన్న బండి అయితే పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల జల్లెడే. సుత్తి పిడితో తడితే ఖంగుమనాల్సిన చోట బొద్దుగా మోగితే రేకు కోయాల్సిందే. పుట్టీ పట్టించి రంగు కొట్టి అమ్మేసిన పాత యజమానుల పాపాలన్నీ ఈ దశలోనే బయటపడతాయి.

తుప్పు కన్నా ప్రమాదకరమైంది ముందు చక్రాల దగ్గర దాగి ఉంటుంది. చక్రాన్ని మోసే నిలువు ఇనుప కడ్డీ కింది కొస మరలా ఉంటుంది. అది ట్రనియన్ అనే ఇత్తడి దిమ్మెలో తిరుగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర తిరగాలి. దానికి పోయాల్సింది చిక్కటి గేర్ ఆయిల్ అని తయారీదారు చెప్పాడు. గ్రీజు గన్ కనబడితే చాలు ప్రతి రంధ్రంలోనూ గ్రీజు కొట్టే సర్వీసింగ్ అలవాటు దీనికి శత్రువు. గ్రీజు గట్టిపడి మర అడుగుకు చేరదు. నీరు చేరుతుంది. ఇనుము తుప్పుపట్టి ఒకనాడు మలుపులో పుటుక్కుమంటుంది. చక్రం పక్కకు ఒరిగి కారు రోడ్డు మీద కూలబడుతుంది. రెండు స్పూన్ల నూనెతో పోయే ముప్పు ఇది.

ఇంజిన్‌కూ ఒక గుట్టు ఉంది. క్రాంక్‌షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే అర్ధచంద్రాకారపు వాషర్లు అరిగిపోతే జారి కింద ఆయిల్ సంపులో పడతాయి. ఆపైన క్లచ్ నొక్కినప్పుడల్లా క్రాంక్ ఇంజిన్ దిమ్మెనే రాసేస్తుంది. అందుకే తెలిసినవారు ఇలాంటి బండి కొనే ముందు ఒకరిని క్లచ్ నొక్కమని, తాము ముందున్న పుల్లీని గమనిస్తారు. అది కళ్లకు కనిపించేంతగా కదిలితే బేరం ఆపేస్తారు, లేదా ధర సగానికి దించుతారు.

విడిభాగాల వేట వేరే కథ. కంపెనీ మూతపడినా బ్రిటన్‌లో ఈ కుటుంబపు కార్లకు కొత్త భాగాలు తయారుచేసే వ్యాపారం చురుగ్గా ఉంది. బుష్‌లు, సీళ్లు, బ్రేకు సిలిండర్లు పార్సిల్‌లో వస్తాయి. తీరా వచ్చాక కస్టమ్స్ సుంకం కలిపితే సరుకు కన్నా దారి ఖర్చు బరువనిపిస్తుంది. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, ముంబై చోర్ బజార్‌లలో అదృష్టం పరీక్షించుకునేవారు ఉన్నారు. దొరకనిది చేయించుకోవడమే. సిలిండర్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, గేరు పళ్ల పని లాంటివి ఇంట్లో కుదరవు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లతో చేయి తిరిగిన లేత్ కార్మికుడికి అరవై ఏళ్ల నాటి చిన్న ఇంజిన్ ఓ లెక్క కాదు. కొలతలు మాత్రం అంగుళాల్లో చెప్పాలి.

మార్చకపోతే నడవదు

ఇక్కడిదాకా చేసింది మరమ్మతు. మార్పు అనే మాట మొదలయ్యేది బ్రేకుల దగ్గర. హెరాల్డ్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వాటన్నిటికీ కలిపి ఒకే బ్రేకు ద్రవం దారి. ఎక్కడ ఒక గొట్టం కారినా నాలుగూ ఒకేసారి పోతాయి. 1961 నాటి మౌంట్ రోడ్డుకు అది చెల్లింది. ఆరు వరుసల రహదారి మీద ముందున్న కారు ఏబీఎస్ బ్రేకుతో ఠక్కున ఆగినప్పుడు చెల్లదు. స్పిట్‌ఫైర్ డిస్కులు దీనికి దాదాపు నేరుగా బిగుస్తాయి. రెండు దారుల మాస్టర్ సిలిండర్ పెడితే ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది.

వెనక చక్రాలదీ ఇలాంటి సమస్యే. ఇరుసు నడుమ మాత్రమే మడత ఉండే స్వింగ్ యాక్సిల్ కారణంగా, వేగంగా మలుపు తిరుగుతూ యాక్సిలరేటర్ మీంచి హఠాత్తుగా కాలు తీస్తే బయటి చక్రం లోపలికి ముడుచుకుని కారు అదుపు తప్పుతుంది. అమెరికాలో షెవర్లే కోర్వేర్ కారు మీద 1965లో రాల్ఫ్ నాడర్ ధ్వజమెత్తింది ఈ తరహా నిర్మాణం గురించే. ట్రయంఫ్ కంపెనీయే 1970 స్పిట్‌ఫైర్‌లో పట్టీల స్ప్రింగును నడుమ ఊగేలా మార్చి దోషం చాలావరకు సరిదిద్దింది. మద్రాసు కంపెనీ ఇంకాస్త ముందుకెళ్లి గెజెల్‌లో మామూలు గట్టి ఇరుసే పెట్టేసింది. తయారీదారే తప్పని ఒప్పుకుని మార్చిన దాన్ని యజమాని మార్చుకోవడం నేరమెలా అవుతుందన్నది న్యాయమైన ప్రశ్నే.

అంతకన్నా ఆసక్తికరమైనవి, ప్రభుత్వమే చేయించిన మార్పులు. 2000 ఫిబ్రవరిలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. మంచి నిర్ణయమే, పిల్లల మెదళ్లకు సీసం విషం. అయితే పాత పోత ఇనుప సిలిండర్ హెడ్లలో వాల్వు కూర్చునే చోటును కాపాడింది ఆ సీసమే. అది పోయాక ఎక్కువ వేగంలో నడిచే బండ్లలో సీట్లు అరిగి వాల్వులు లోపలికి దిగడం మొదలైంది. హెడ్‌ను తొలిచి గట్టి ఉక్కు సీట్లు దించడం ఒక్కటే శాశ్వత మందు. ఆ తర్వాత ఇథనాల్ వచ్చింది. 2030కి అనుకున్న 20 శాతం మిశ్రమం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. ఈ పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలకోసారి తీసే బండిలో ట్యాంకు అడుగున తుప్పు పెంచుతుంది. మిశ్రమం పలచనై ఇంజిన్ వేడెక్కుతుంది గనక కార్బ్యురేటర్ జెట్లు కూడా మార్చాలి. గొట్టాలు మార్చనివారికి పొంచి ఉన్నది నడుస్తుండగా ఆగిపోవడం కాదు, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారడం.

కాగితం మీద కారు

చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో దీన్ని మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణ అనుమతి లేని ప్రతి మార్పుకూ రూ. 5,000 జరిమానా లేదా ఆర్నెల్ల దాకా జైలు లేదా రెండూ పెట్టింది. భారీ సైలెన్సర్లు, ఎత్తు పెంచిన జీపులు, మెరుపు దీపాల బెడద చూసినవారెవరూ ఈ కఠినత్వాన్ని తప్పుపట్టరు. కానీ బ్రేకులు మెరుగుపరచిన వాడూ, వీధిని నిద్ర లేపే గొట్టం బిగించిన వాడూ ఒకే గాటన పడటమే చిత్రం.

2021 జులైలో కేంద్రం పాత కార్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ అక్షరాల నంబరు, రూ. 20,000 రుసుము, పదేళ్ల గడువు. తుక్కు విధానం నుంచి రక్షణ దొరికినందుకు సంబరపడినవారు షరతు చదివాక తల గోక్కున్నారు. బండి మూలరూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పు సహా పెద్ద మరమ్మతులేవీ జరిగి ఉండకూడదు. మరి తుప్పుపట్టిన చాసిస్ చేతిని కోసి కొత్త రేకు అతికించడం మార్పా, మరమ్మతా? గట్టి వాల్వు సీటు ఇంజిన్ మార్పేనా? తనిఖీకి వచ్చిన అధికారి విచక్షణే జవాబు. ప్రతి దశనూ ఫొటో తీసి, బిల్లులు దాచుకుని, కోసిన చోటు చూపించే నిజాయితీపరుడికి ఇందులో చిక్కు ఎక్కువ. పుట్టీ పూసి నోరు మూసుకున్న వాడికి తక్కువ. ఇలాంటి ఫలితమిచ్చే నిబంధనను తిరగరాయక తప్పదు.

నమూనా కోసం ఎక్కువ దూరం వెళ్లనక్కర్లేదు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు 2018 మే నుంచి వార్షిక తనిఖీ మినహాయింపు ఉంది. గణనీయమైన మార్పులు చేస్తే అది పోతుంది. అయితే భద్రత, సామర్థ్యం, కాలుష్య నియంత్రణ కోసం ఇరుసులు, నడక భాగాల్లో చేసిన మెరుగుదలలు ఆ లెక్కలోకి రావని మార్గదర్శకాల్లోనే రాసుకున్నారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా మార్పును పూర్తిగా నిషేధించదు. మార్చింది నమోదు కావాలి, వీలైతే మళ్లీ వెనక్కి తీయగలగాలి అంటుంది. డ్రమ్ములను నూనె పూసి అటక మీద దాచి, డిస్కులు బిగించుకుంటే ఈ రెండు షరతులూ తీరినట్లే.

వీఏ నంబరు వద్దనుకునేవారికి రెండో దారి మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి పొడిగించుకోవడం. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును రూ. 10,000కు పెంచారు. కారును రోజూ వాడుకోవచ్చు, ఫిట్‌నెస్ పరీక్ష మాత్రం తప్పదు. వీఏ నంబరు తెచ్చుకుంటే రోజువారీ వాడకం నిషేధం. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు వెళ్లవచ్చు. పెట్రోలు పోయించుకోవడానికి కూడా వెళ్లవచ్చని నిబంధనలో స్పష్టంగా ఉంది. బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిందే కనుక గొట్టాలు మార్చుకునే వెళ్లాలి.