నీటి లెక్క ఊరందరిదీ, తోడిన లెక్క ఎవరిది వారిదే: సెన్సర్ల వ్యవస్థలో రైతు గోప్యత

కర్నూలు, కడప జిల్లాల మెట్ట ప్రాంతాలలో రబీ పంట నిర్ణయం చాలావరకు భూగర్భ జలంపైనే ఆధారపడి ఉంటుంది. నెదర్లాండ్స్ నిధులతో, ఎఫ్.ఏ.ఓ. తోడ్పాటుతో 2000 దశకంలో జరిగిన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం ఈ రెండింటితో సహా ఏడు జిల్లాలలో అమలైంది. రైతులే బోరుబావుల నీటిమట్టం కొలిచి, వివరాలను గ్రామంలోని బోర్డుపై రాసి, పంటల నీటి బడ్జెట్ తయారు చేసుకున్నారు.

ఇప్పుడు ఆ కొలత సెన్సర్లకు సాధ్యమైంది. అయితే నీటిమట్టం ఊరందరికీ తెలియవలసిన విషయం కాగా, ఎవరు ఎంత తోడుతున్నారన్నది రైతు సొంత విషయం. అది బయటపడుతుందన్న భయం ఉంటే రైతు సెన్సర్ పెట్టనివ్వడు. బడ్జెట్‌కు కావలసింది మొత్తం తోడకమే. సగటు తెలిస్తే, దానిని బోర్ల సంఖ్యతో గుణించి మొత్తం పొందవచ్చు.

కేంద్ర కంప్యూటర్ లేకుండానే సగటును పొందే పద్ధతి ఉంది. ప్రతి సెన్సర్ తన విలువను పొరుగు సెన్సర్ల విలువల వైపు కొద్దికొద్దిగా సవరించుకుంటుంది. మొత్తం మారకుండా సవరణ సాగితే చివరకు అన్నీ సగటుకు చేరతాయి. నాలుగు బోర్లు రోజుకు 20, 30, 40, 50 ఘనపు మీటర్లు తోడితే అన్నీ 35 వద్ద నిలుస్తాయి, మొత్తం 140.

లోపమేమంటే, మొదటి సందేశంలోనే అసలు విలువ బయటపడుతుంది. అందుకే ప్రతి సెన్సర్ తన విలువకు యాదృచ్ఛిక సంఖ్యలను కలుపుతుంది. ఉదాహరణకు మొదటి విడతలో 6 కలిపి 20కి బదులు 26 పంపుతుంది. తర్వాతి విడతలలో 4, ఆపై 2 తగ్గిస్తుంది. కలిపినవన్నీ చివరకు సున్నా అవుతాయి కనుక సగటు చెడదు.

ఈ రక్షణకు ఒక షరతు ఉంది. ఒక సెన్సర్ సందేశాలతోపాటు దాని పొరుగు సెన్సర్లన్నిటి సందేశాలూ వినగలిగిన వారు అసలు విలువను తిరిగి లెక్కకట్టగలరు. కాబట్టి ఒకే పొరుగు సెన్సర్‌తో అనుసంధానమైన చివరి బోరుకు ఆ పొరుగు వద్ద గోప్యత ఉండదు. అటువంటి బోరుకు, మొదటి పొరుగుకు వినబడని మరో సెన్సర్‌తోనూ అనుసంధానం కల్పించాలి.

సగటు వెనుక ఎండిపోతున్న బోరు కూడా దాగిపోతుంది. ఆ హెచ్చరిక సంబంధిత రైతుకు మాత్రమే నేరుగా అందాలి. సెన్సర్ అమర్చే ముందే ఏది దాగుతుందో, ఏది దాగదో రైతుకు వివరించడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.