పాత పెట్టెకు కొత్త వేగం!

గుడిమల్కాపూర్ పూలమార్కెట్లో నిన్నటి పూలకు నేడు ధర పలకదు. పదేళ్లు దాటిన కంప్యూటర్‌నీ చాలామంది అలాగే వదిలేస్తారు. కానీ కొత్తతరం ఎన్‌వీఎంఈ డ్రైవ్ తగిలిస్తే అదే పెట్టె చకచకా పనిచేస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. ఎన్‌వీఎంఈ ప్రమాణం వచ్చింది 2011లో. 2014కు ముందు నాటి మదర్‌బోర్డుల్లో చాలావాటికి ఆ డ్రైవ్ నుంచి విండోస్‌ను మొదలుపెట్టడం తెలియదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లో అడాప్టర్ కార్డుతో బిగించినా అంతే. స్విచ్ వేయగానే ముందు మేల్కొనేది బయోస్. డ్రైవ్‌ను గుర్తుపట్టే డ్రైవర్ అందులో ఉండదు మరి!

అందుకే తెలిసినవాళ్లు తయారీ సంస్థ ఇచ్చే బయోస్ ఫైలు తీసుకుని, యూఈఎఫ్ఐ టూల్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఆ డ్రైవర్‌ను చేర్చి, మళ్లీ చిప్‌లోకి ఎక్కిస్తారు. యూఈఎఫ్ఐ రకం బోర్డులకే ఇది కుదురుతుంది.

మధ్యలో కరెంటు పోయిందా... బోర్డు పలకదు! అప్పుడు సీహెచ్341ఏ లాంటి ప్రోగ్రామర్ పరికరంతో చిప్‌లో పాత బయోస్‌ను తిరిగి రాయాలి. కాబట్టి అసలు బయోస్‌నూ, ఇంటి ఫొటోలనూ, పిల్లల సర్టిఫికెట్లనూ ముందే కాపీ చేసుకోవాలి. యూపీఎస్ తప్పనిసరి.

అంత సాహసం వద్దంటే క్లోవర్ అనే బూట్‌లోడర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. బయోస్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఇంటి అవసరాలకైతే మామూలు సాటా ఎస్ఎస్‌డీ చాలు, ఏ మార్పూ లేకుండానే పనిచేస్తుంది.

ఇంకోమాట. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంత పాత ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. డ్రైవ్ కొనేముందు ఆ సంగతీ ఆలోచించండి. లైనక్స్ వేసుకుంటారా, పాతదానికి సెలవిస్తారా అన్నది తేల్చుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి!