కడుపులో క్రిమికి మూడు మందుల ముట్టడి

హనుమంతునిపాడులోనైనా, మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా ఎవరికైనా కడుపులో పుండు పడిందంటే పెద్దలు ముందుగా అనే మాట మీరు వినే ఉంటారు: "కారం తగ్గించు, వేళకు తిను." డాక్టర్లు కూడా చాలాకాలం ఇంచుమించు ఇదే చెప్పారు. కారం, దిగులు, జఠరంలో ఆమ్లం ఎక్కువ కావడం - ఇవే కారణాలనుకునేవారు. ఆమ్లాన్ని తగ్గించే మందు ఇస్తే పుండు మానేది. మందు ఆపితే చాలామందికి మళ్ళీ పడేది. ఎందుకు?

ఆమ్లంలో కాపురం

మన జఠరంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. అందులో ఏ బాక్టీరియా కాపురం చేయలేదని అందరూ నమ్మేవారు. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు, రోగుల జఠరం నుంచి తీసిన చిన్న ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తూ వంకర తిరిగిన బాక్టీరియాను గమనించాడు. 1981లో బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశాడు. ఆ క్రిమిని ప్రయోగశాలలో పెంచాలని ఎంత ప్రయత్నించినా పెరగలేదు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల పళ్ళేలను రెండు రోజులకే పారవేయకుండా అయిదు రోజులు ఉంచేశారు. అప్పుడు పెరిగింది! దాని పేరే హెలికోబాక్టర్ పైలోరి.

అయినా చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగాడు. కొద్ది రోజులలో వాంతులయ్యాయి, జఠరపు లోపొర వాచింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఇంతకూ ఈ క్రిమి ఆమ్లంలో ఎలా బతుకుతుంది? పొలంలో చల్లే యూరియా మీకు తెలుసు గదా! మన శరీరంలోనూ ఆ పదార్థం కొద్దిగా ఉంటుంది. ఈ క్రిమి యూరియేజ్ అనే ఎంజైముతో దానిని విడగొట్టి అమ్మోనియా తయారుచేస్తుంది. అమ్మోనియా క్షారం. అది క్రిమి చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. ఆ తరువాత క్రిమి జఠరపు గోడమీది జిగురు పొరలోకి దూరి దాక్కుంటుంది.

ఒక్క మందు చాలదా?

పలక, బలపం తీసుకోండి. జఠరంలో నూరు కోట్ల క్రిములున్నాయనుకుందాం. కోటికి ఒక్కటి ఒక మందుకు లొంగదనుకుందాం. ఆ మందు ఒక్కటే ఇస్తే ఎన్ని మిగులుతాయి? నూరు. ఆ నూరూ పెరిగి మళ్ళీ కోట్లవుతాయి. ఈసారి ఒక్కటి కూడా ఆ మందుకు లొంగదు.

ఇప్పుడు రెండు మందులు ఒకేసారి ఇద్దాం. రెండింటికీ లొంగని క్రిమి కోటి కోట్లలో ఒక్కటి. కోటిని కోటితో గుణించండి - 1 పక్కన 14 సున్నాలు! నూరు కోట్ల క్రిములలో అటువంటిది దొరకడం, లక్ష మంది రోగులలో ఒకరికి జరిగే సంగతి. ఇది ఉదాహరణకు వేసిన లెక్కే. కాని మందులు కలిపి ఇవ్వడంలోని కీలకం ఇదే.

ఒకదానికొకటి సాయం

ఎక్కువగా వాడిన మూడు మందుల జట్టు ఇది: అమాక్సిసిలిన్, క్లారిథ్రోమైసిన్, ఒమెప్రజోల్. మొదటిది క్రిమి కణకవచాన్ని కట్టుకోకుండా చేస్తుంది. రెండవది ప్రోటీన్లు తయారుచేసుకోనివ్వదు. మూడవది క్రిమిని నేరుగా చంపడానికి కాదు, జఠరంలో ఆమ్లం తగ్గించడానికి. ఆమ్లం తగ్గితే క్లారిథ్రోమైసిన్ చెడిపోదు. క్రిములు కూడా చురుకుగా పెరుగుతాయి. ఇదేమి లాభం అంటారా? పెరిగే క్రిమికే కవచం కావాలి. అమాక్సిసిలిన్ దెబ్బ దానికే తగులుతుంది!

క్లారిథ్రోమైసిన్‌కు లొంగని క్రిములు మన దేశంలోనూ, ఇతర దేశాలలోనూ పెరిగాయి. అందుచేత బిస్మత్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్, ఆమ్లం తగ్గించే మందు - ఈ నాలుగింటి జట్టును కూడా వాడుతున్నారు. టెట్రాసైక్లిన్ పేరు వినగానే మన తెలుగువాడిని తలచుకోవాలి. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో దానిని లోకానికి తెలిపిన బెంజమిన్ డగ్గర్, అమెరికాలోని లెడర్లీ కంపెనీలో పనిచేశాడు. అక్కడి పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

నొప్పి పోతే క్రిమి పోయినట్లేనా?

కానే కాదు. ఆమ్లం తగ్గగానే కొద్ది రోజులలోనే నొప్పి ఉపశమిస్తుంది. "తగ్గింది గదా" అని అప్పుడే మాత్రలు ఆపేస్తే, చావకుండా మిగిలిన క్రిములు మళ్ళీ పెరుగుతాయి. వాటిలో మందుకు లొంగనివి ఉంటే వాటిదే రాజ్యం. అవి ఇంట్లో మరొకరికీ సోకవచ్చు. అప్పుడు అదే మందు వారికీ పనిచేయదు. అందుకే సాధారణంగా 14 రోజులు, డాక్టరు చెప్పినన్ని రోజులూ, ఒక్క పూట కూడా తప్పకుండా మాత్రలు వేసుకోవాలి.

ప్రతి పుండుకూ ఈ క్రిమే కారణం కాదు. ఒళ్ళునొప్పులకు, కీళ్ళనొప్పులకు వాడే కొన్ని మాత్రల వల్ల కూడా పుండు పడుతుంది. కనుక ముందు పరీక్ష, తరువాతే మందు. మందుల షాపులో అడిగి రెండు మాత్రలు తెచ్చుకుంటే సరిపోదు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మందులు సగంలో ఆపబోతే, పలకమీద పై లెక్క వేసి చూపించండి. నూరు మిగిలితే మళ్ళీ కోట్లవుతాయని వారికి అర్థమవుతుంది.