ఐ.ఎన్.ఎస్. కాకినాడ: ఒక మైన్‌స్వీపర్ సేవాచరిత్ర

తెలుగు తీరపట్టణం పేరు ధరించిన ఐ.ఎన్.ఎస్. కాకినాడ 1986 డిసెంబరు 23న నాటి సోవియట్ యూనియన్‌లోని రీగా నగరంలో భారత నౌకాదళంలో చేరింది. నాటో కూటమి ‘నత్యా’ అని పేరుపెట్టిన తరగతికి చెందిన మైన్‌స్వీపర్ ఇది. ఈ తరగతి నౌకలు 12 భారతదేశానికి లభించాయి.

మైను అనగానే మనకు స్ఫురించే మాట మందుపాతర. పాతర నేలలో తవ్వేది. సముద్రపు మైన్లలో ఒక రకం మాత్రం అడుగునున్న లంగరుకు కట్టిన తీగపై నీటి మధ్యలో నిలుస్తుంది. మైన్‌స్వీపర్ తన వెనుక కత్తెరలు అమర్చిన ఉక్కుతాడును ఈడ్చుకుపోతూ ఆ తీగను తెంచుతుంది. పైకి తేలిన మైనును కాల్చి పేలుస్తారు. ఓడల అయస్కాంత ప్రభావానికో, ధ్వనికో స్పందించే మైన్లను ఆ ప్రభావాలనే కృత్రిమంగా కల్పించి దూరంలోనే పేలుస్తారు. మైను ఉన్నదన్న అనుమానమే రేవును స్తంభింపజేయగలదు గనుక ఈ నౌకల ప్రయోజనం ప్రధానంగా సన్నద్ధతలోనే ఉంది.

కాకినాడ 2017 మే 9న ముంబయిలో కార్వార్ నౌకతోపాటు విరమణ పొందింది. 2019 ఏప్రిల్ 13న విశాఖపట్నంలో కోజికోడ్ నౌక విరమణతో ఈ తరగతి ముగిసింది. నౌకాదళానికి ప్రత్యేక మైన్‌స్వీపర్ లేకుండా పోయింది. కొత్త నౌకల కోసం గోవా షిప్‌యార్డు దక్షిణ కొరియా సంస్థతో సాగించిన ప్రయత్నం 2018లోనే రద్దయింది. 2025 జూలైలో మరల ప్రాథమిక ఆమోదం లభించింది. కాబట్టి కాకినాడ చరిత్రను విరమణ తేదీతో ముగించలేము. అది ఖాళీ చేసిన స్థానాన్ని విశాఖపట్నం, కాకినాడ, కృష్ణపట్నం రేవుల భద్రతతో కలిపి పరిశీలించవలసి ఉన్నది.