పూచీ ప్రభుత్వానిది, వాయిదా మనది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ ఇల్లు సముద్రాల అవతల, మనం పేరైనా వినని ఒక పల్లెటూరి కౌంటీలో అయితే? (కౌంటీ అంటే మన జిల్లా వంటిది.) "చేతి డబ్బు పెట్టనక్కర్లేదు నాన్నా, గవర్నమెంటు గ్యారంటీ ఉంది" అని అమెరికా నుంచి అబ్బాయి ఫోను చేస్తే, బళ్ళారిలోనో బరంపురంలోనో ఉన్న తల్లిదండ్రులకు సంతోషంతో పాటు సందేహమూ కలగడం సహజం. బ్యాంకు ఉద్యోగిగా నాకు తెలిసినంతలో ఆ సంగతి వివరిస్తాను.

మన దేశంలో 30 లక్షల లోపు గృహరుణానికి కూడా ఇంటి విలువలో 90 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదు. అది రిజర్వు బ్యాంకు నిబంధన. మిగతాది మనం చూసుకోవాలి. అమెరికాలో గ్రామీణ ప్రాంతాలకు మాత్రం, 1949 నాటి గృహనిర్మాణ చట్టం ఆధారంగా, అక్కడి వ్యవసాయ శాఖ ఒక పథకం నడుపుతోంది. అప్పు బ్యాంకు ఇస్తుంది, పూచీ ఆ శాఖ పడుతుంది. ఇంటి పూర్తి విలువకు అప్పు దొరుకుతుంది. 30 ఏళ్ళ గడువు, మారని వడ్డీ.

షరతులు లేకపోలేదు. 35,000 జనాభా దాటిన ఊళ్ళు లెక్కలోకి రావు. కౌంటీ పేరు చూస్తే చాలదు, కొనబోయే ఇంటి చిరునామా అర్హమైనదో కాదో చూడాలి. కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి 115 శాతం మించరాదు. అప్పు పత్రం మీద సంతకం లేకపోయినా, ఇంట్లో ఉండే సంపాదనపరులైన పెద్దలందరి ఆదాయమూ కలుపుతారు. కొన్నవారు అందులోనే కాపురం ఉండాలి, అద్దె కోసం కొనడానికి వీల్లేదు. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి అర్హత ఉంది. కేవలం హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి లేదు.

ఇక అసలు ప్రశ్న. ఈ పూచీ ఎవరికి? చాలామంది కొనేవారికే అనుకుంటారు. కాదు, అది అప్పిచ్చిన బ్యాంకుకు. వాయిదాలు తప్పి, ఇల్లు అమ్మినా బాకీ తీరకపోతే బ్యాంకు నష్టాన్ని 90 శాతం అప్పు పరిమితి వరకు ప్రభుత్వం భరిస్తుంది. కాని అలా చెల్లించిన సొమ్మును తాను తిరిగి కడతానని రుణగ్రహీత ముందే దరఖాస్తులో సంతకం చేసి ఉంటాడు. కనుక బ్యాంకు నిశ్చింతగా ఉంటుంది. బాకీ మాత్రం మన పిల్లవాడి మీదే నిలుస్తుంది.

ఈ పూచీ ఉచితమూ కాదు. అప్పులో 1 శాతం మొదట్లోనే రుసుము. నిలువ మీద ఏటా 0.35 శాతం మరో రుసుము. 2,00,000 డాలర్ల అప్పుకు మొదట సుమారు 2,000, తొలి ఏడాది సుమారు 700, అంటే నెలకు 58 డాలర్లు. మొదటి రుసుమును అప్పులోనే కలుపుకోవచ్చు. అప్పుడు గృహప్రవేశం నాటికే ఇంటి ఖరీదు కన్నా అప్పు ఎక్కువ. రెండేళ్ళలో ఉద్యోగం పోయి ఇల్లు అమ్మాల్సివస్తే, ధర పెరగనిచోట అమ్మకపు ఖర్చులు కూడా చేతినుంచే పెట్టుకోవాలి. నెల వాయిదాలో అసలు, వడ్డీలే కాక ఇంటిపన్ను, బీమా కూడా కలుస్తాయని మరువకూడదు.

పల్లెటూరి ఇంటికి మరో సంగతి ఉంది. చాలాచోట్ల మునిసిపాలిటీ కుళాయి ఉండదు. సొంత బోరు, సొంత సెప్టిక్ ట్యాంకు. అవి చెడితే బాగుచేయించేది యజమానే. బ్యాంకు వేయించే విలువ అంచనా ప్రధానంగా బ్యాంకు భద్రత కోసం. కప్పు, పునాది, బోరు, ట్యాంకు చూసే ఇన్‌స్పెక్టరును మనవాళ్ళే వేరుగా పెట్టుకోవాలి. ఆ నాలుగు వందల డాలర్లో అయిదు వందలో ఆదా చేయబోయి వేలు పోగొట్టుకోరాదు.

ఇదంతా పథకాన్ని తప్పుబట్టడానికి కాదు. నికరమైన ఉద్యోగం, ఆ ఊళ్ళోనే పదేళ్ళుండే ఉద్దేశం ఉన్న దంపతులకు ఇది మంచి అవకాశమే. అబ్బాయో అమ్మాయో ఈ మాట ఎత్తినప్పుడు వద్దనీ అనకండి, వెంటనే సరే అనీ అనకండి. "ఆర్నెల్ల వాయిదాలకు సరిపడా సొమ్ము చేతిలో ఉందా?" అని ఒక్క ప్రశ్న అడగండి. డౌన్ పేమెంటు అక్కర్లేదు కనుక, ఆ పేరుతో కూడబెట్టినది అందుకు ఉంచుకోవచ్చు. చేతిలోని ఆ సొమ్మే వాళ్ళకు నిజమైన పూచీ.