ఉత్తరాల దారం చిక్కుపడకుండా

మన కుటుంబాలు పలుచోట్ల చెదరి వున్నవి. అన్నగారు హోసూరులో, తమ్ముడు బళ్లారిలో, మేనత్త బరంపురంలో, మేనమామ షోలాపురంలో. వెనుక కార్డు ముక్కతో గడిచిన సంగతులు ఇప్పుడు ఈ-మెయిలు మీద నడుస్తున్నవి. ఒకరు వ్రాస్తే నలుగురు జవాబిస్తారు. ఆ జవాబులకు మరల జవాబులు. ఇట్లా పెరిగిన వరుసను ఇంగ్లీషులో 'థ్రెడ్' అంటారు, అనగా దారం. దారం పొడవైనకొద్దీ చిక్కుపడుతుంది గదా!

తాతల నాటి యిల్లు అమ్మే సంగతి అనుకోండి. ఇరవై ఉత్తరాలు నడిచినవి. ఎనిమిదవ దానిలో అన్నగారు 'బేరం కుదిరింది, అడ్వాన్సు తీసుకుందాం' అన్నారు. పన్నెండవ దానిలో మేనత్తగారు 'నా వాటా తేలేవరకు తీసుకోవద్దు' అన్నారు. ఇరవయ్యవ దానిలో మేనమామగారు 'సరే, అట్లే కానివ్వండి' అని వూరుకున్నారు. ఆ 'సరే' యెవరికి? తెరమీద ఆ మాట ఒక్కటే కనిపిస్తే అడ్వాన్సు చేతులు మారుతుంది. తోబుట్టువుల నడుమ రాకపోకలు నిలిచిపోతవి.

ఈ ప్రశ్నకు సమాధానం ఆ ఉత్తరంలోనే దాగివున్నదంటే పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. ఆఫీసు జాబులో 'మీ ఫలానా నంబరు, ఫలానా తేదీ గల లేఖకు జవాబు' అని పైన వ్రాస్తాము. ఈ-మెయిలుకూ అంతే. ప్రతి ఉత్తరానికి 'మెసేజ్ ఐడి' అనే గుర్తు వుంటుంది. జవాబిచ్చినప్పుడు 'ఇన్ రిప్లై టు' అనే పంక్తిలో మూల ఉత్తరపు గుర్తు చేరుతుంది. ఈ పంక్తులు 1982 నాటి నియమ పత్రంలోనే వున్నవి. వీటి ఆధారంగా ఉత్తరాలను కూర్చే పద్ధతిని 1990 దశకంలో నెట్‌స్కేప్ ప్రోగ్రాము కోసం జేమీ జవిన్‌స్కీ అనే ఆయన వ్రాశారు.

మరి లోపమెక్కడ? చూపించుటలో. థండర్‌బర్డ్ వంటి ప్రోగ్రాములు వంశవృక్షంలాగ కొమ్మలుగా చూపగలవు. కాని తరాలు పెరిగినకొద్దీ పేర్లు కుడి అంచుకు జరిగిపోతవి. 2004లో వచ్చిన జీమెయిలు అన్నిటినీ ఒకే కట్టగా తేదీ వరుసన పేర్చింది. చదువుటకు సులభమే, గాని యెవరు యెవరికి జవాబిచ్చారో ఆ వరుసలో తెలియదు. ఆ కట్ట నచ్చనివారు చాలమంది వుండుటచేత, దానిని తీసివేసే సదుపాయం 2010లో ఇచ్చారు.

మా మనవి యేమనగా, తేదీ వరుస అట్లే వుండనిచ్చి, ప్రతి జవాబు నెత్తిన 'ఇది మేనత్తగారి ఉత్తరానికి' అని ఒక్క పంక్తి వేస్తే చాలు. దానిని తాకగానే మూల ఉత్తరం కనిపించవలె. ముడిచిన ఉత్తరాలకు పేరు మాత్రమేగాక మొదటి వాక్యం కూడ కనిపించవలె. నడుమ యెవరినైనా జాబితా నుండి తీసివేస్తే ఆ సంగతి అక్కడే తెలియవలె. ప్రక్కన చిన్న పటం వుంటే మరీ మంచిది. 2003లో ఐ.బి.ఎం. పరిశోధకుడు బెర్నార్డ్ కెర్ అటువంటిది చూపారు: ఉత్తరాలన్నీ ఒక వరుసలో చుక్కలు; జవాబుకూ మూలానికీ నడుమ విల్లు వంటి గీత.

ప్రోగ్రాములు బాగుపడేవరకు మనం చేయదగినవీ వున్నవి. జవాబును కొత్త ఉత్తరంగా వ్రాయక 'రిప్లై' నొక్కి వ్రాయవలె. లేనిచో మూలపు గుర్తు చేరక దారం తెగుతుంది. పెండ్లి సంగతుల ఉత్తరం క్రింద పొలం సంగతి యెత్తక, దానికి వేరే ఉత్తరం, వేరే శీర్షిక పెట్టవలె. పాత ఉత్తరమంతా మోయక, జవాబిస్తున్న వాక్యం మాత్రం వుంచి తక్కినది తీసివేయవలె. అన్నిటికన్న ముఖ్యం, వట్టి 'సరే' వ్రాయకండి. 'అత్తయ్య మాట ప్రకారం, వాటా తేలేవరకు అడ్వాన్సు వద్దు' అని వ్రాయండి. నాలుగు మాటలు యెక్కువైనా నష్టంలేదు, బంధుత్వం నిలుస్తుంది.