గన్నేరు చెట్టు – ఇంట్లో పిల్లి



"ఇంటి ముందర గన్నేరు ఉందమ్మా, పిల్లిని కూడా పెంచుకుంటున్నాం. ఏమైనా ప్రమాదమా?" అని ఓ.పి.లో ఒక తల్లి అడిగారు. ప్రమాదమే. ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు, పచ్చ గన్నేరు – అన్నీ విషమే. ఆకు, పువ్వు, కాయ, వేరు, చివరికి ఎండిన ఆకులో కూడా విషం ఉంటుంది.

ఈ విషం గుండె లయను దెబ్బతీస్తుంది. పిల్లికి చొంగ కారడం, వాంతులు, విరేచనాలు, నీరసం కనిపిస్తాయి. గుండె ఆగిపోయి చనిపోవచ్చు కూడా.

చేదు కాబట్టి పశువులు ముట్టవని రోడ్ల మధ్యలో కూడా దీన్ని నాటుతారు. కానీ ఆడుకునే పిల్లికూనకు, పాకే బిడ్డకు ఆ సంగతి తెలియదు. కేరళలో తిరువాన్కూరు దేవస్వం బోర్డు 2024 మే నెలలో ప్రసాదంలో, నైవేద్యంలో ఈ పూల వాడకాన్ని ఆపివేసింది.

పిల్లి తిన్నదని అనుమానం వస్తే:

1. నోట్లో మిగిలిన ఆకు తీసివేయండి.
2. ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించకండి.
3. లక్షణాల కోసం ఎదురుచూడక, ఒక రెమ్మ తీసుకొని వెంటనే పశువుల ఆసుపత్రికి వెళ్ళండి.

బిడ్డ నోట్లో పెట్టుకుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో పిల్లి గానీ, చిన్నబిడ్డలు గానీ ఉంటే చెట్టు తీసివేయడమే మేలు. కొమ్మలను మేకలు తిరిగే చోట పడవేయకండి, పొయ్యిలో కాల్చకండి. పొగ కూడా హాని చేస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ చోట గులాబీ, మల్లె నాటుకోండి. వాటితో పిల్లికి విషభయం లేదు.

నోరులేని జీవాలను కాపాడే బాధ్యత దేవుడు మనకే అప్పగించాడు.

– నర్సింగ్ సూపరింటెండెంట్